దేవదానం కాక కళ్ళు

వేడెక్కిన ఇనుము మీద ఇంజనాయిల్ బొట్టు పడితే ఒక వాసన వస్తుంది. మాడిన పోపులాగా ముక్కుకు పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. మొన్న పొద్దున డ్యూటీకి పోతూ గోదావరిఖని చౌరస్తాలో ఆగితే, ముందున్న పాత జీపు నుంచి ఆ వాసన వచ్చింది. జీపు కదిలి దారి ఇచ్చినా నేను కదల్లేదు. వెనక హారన్లు మోగాయి, ఒకాయన నిద్రపోతున్నావా అని తిట్టాడు కూడా. దేవదానం కాక గుర్తొచ్చాడని రాస్తే అది అబద్ధమవుతుంది. మరిచిపోతే కదా గుర్తు రావడానికి.

మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. బొగ్గుబావి లోపల నీళ్ళు తోడే పంపులకు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. మా కాలనీ మూలమలుపులో ఒక రేకుల కొట్టం వేసుకుని కార్లు, మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. తిండికి లోటుండి కాదు. చేతిలో పానా లేకపోతే ఆయనకు ఏమీ తోచేది కాదు. నేనప్పుడు కార్మికుల దవాఖానలో నర్సును. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత కారు ఒకటి కొన్నాను. నా నోటికి గడియ లేదని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఆ మాట ముందే చెప్పేస్తే నయం.

కొన్న నెలకే కారు కింద రోజూ పొద్దున నల్లటి మడుగు కనిపించేది. కాకను పిలిచి, ఇదిగో ఇక్కడినుంచే కారుతోందని ఇంజన్ అడుగు చూపించాను. ఆయన నవ్వి, ఇంజన్ మొత్తం కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. తర్వాత ఇంట్లో మొహానికి పూసుకునే పౌడరు డబ్బా ఉంటే తెమ్మన్నాడు. ఇంజనుకు సింగారమేంది కాకా అని ఎగతాళి చేశాను.

"పెండ్లిచూపులు బిడ్డా. మచ్చ ఏడున్నదో ఇప్పుడు తెలుస్తది."

పౌడరు చల్లి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. కాసేపటికి ఆ తెలుపు మీద సన్నటి నల్లగీత దిగింది. అది నేను చూపించిన చోట కాదు, ఇంజన్ పైమూత, అదే టాపెట్ కవర్ అంచు నుంచి. "నూనె పడ్డ కాడ చూడకు. మొదలు తడిసిన కాడ చూడు," అన్నాడు. ఆ మూత కింద సందు లేకుండా వేసే ప్యాకింగ్ కొత్తది తనే కత్తిరించి వేశాడు. బోల్టులను ఒకేసారి బిగించకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాడు. ఆ పనిలో వేలు గీసుకుపోతే నేనే కట్టు కట్టాను. కట్టు చివరను రెండు మెలికలు తిప్పి పక్కకు ముడి వేయడం నాకు అలవాటు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నీ ముడి మంచిగున్నది, ఊడది," అని మెచ్చుకున్నాడు.

పోయేముందు ఇంజన్ పక్కన కిందికి వేలాడే ఒక గొట్టం చూపించి, ఇది దీని ముక్కు, లోపలి ఆవిరి ఇందులోంచే బయటికి పోతుందని చెప్పాడు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. మా రోడ్ల మీద బొగ్గు లారీలు పోతే ఆరేసిన బట్టలు కూడా నల్లబడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, గుడ్డ కట్టుకోండి అని దవాఖానకు వచ్చిన ప్రతివాడికీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అలాంటిది నా కారు ముక్కు తెరిచి పెట్టుకుని తిరుగుతుందా? ఆ వారమే కట్టు గుడ్డ రెండు మడతలు వేసి ఆ గొట్టం మూతికి కట్టేశాను. గొప్ప తెలివి! ఎవరికీ చెప్పలేదు. తర్వాత నేనే మరిచిపోయాను.

మూడు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు రామగిరి వైపు పోతుంటే బానెట్ కిందినుంచి పొగ, అదే మాడు వాసన. దిగి చూస్తే ముందూ వెనకా, పైనా కిందా నూనే. నడిరోడ్డు మీద నవ్వులపాలయ్యానన్న కోపంతో మర్నాడు డ్యూటీకి పోయాను. బీపీ మాత్రల కోసం రిటైరైన వాళ్ళంతా వరుసలో నిలబడి ఉన్నారు, అందరూ కాకతో కలిసి పనిచేసినవాళ్ళే. కారేదమ్మా అని ఒకాయన మామూలుగా అడిగాడు.

"కాకకు కండ్లు మసకైనయ్. చేతులు వణుకుతున్నయ్. ఇగ ఆయన చేతికి బండియ్యకున్రి," అన్నాను.

ఇదే మాట ఇంకెవరు అన్నా, కోపంలో అన్నారులే అనుకునేవారు. నేను నర్సును. ఒకాయన జబ్బకు బీపీ పట్టీ చుడుతూ అన్నాను. ఆయన కళ్ళు నేను ఒక్కనాడూ పరీక్షించింది లేదు. సాయంత్రానికి మాట కాలనీ అంతా తిరిగింది.

ఆ ఆదివారం చర్చి కాగానే కాక తెల్లచొక్కాతోనే మా ఇంటికి వచ్చాడు. విన్నాడని మొహం చూస్తేనే తెలిసింది, కానీ ఆ ఊసే ఎత్తలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, ఇంజన్ స్టార్ట్ చేయమని, నూనె పోసే మూత తిప్పాడు. మూత బుస్సుమని లేచి నూనె ఆయన చొక్కా మీద చిమ్మింది.

"లోపట ఊపిరాడుత లేదు బిడ్డా. బయటికి తొవ్వ లేక, ఏడ సందు దొరికితే ఆడికెల్లి నూనెను నూకుతాంది."

ఇంజన్ ఆపించి, చెయ్యి గొట్టం వెంబడి కిందికి పోనిచ్చాడు. ఆ చేతికి గుడ్డ తగిలింది. నూనె, బొగ్గు దుమ్ము కలిసి తారుముద్దలా గట్టిపడి ఉంది. ఒక పక్కన నా ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

"ఎవలు కట్టిండ్రు?"

"తెల్వదు కాకా," అన్నాను.

ఆయన ముడిని చూశాడు. నన్ను చూశాడు. ఆ కళ్ళలో ఏ మసకా లేదు. "దుమ్ము పోవద్దని కట్టిండ్రు గావచ్చు. మంచికే," అని ఆ గుడ్డను మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ కడిగి పౌడరు చల్లితే ఒక్క గీత కూడా పడలేదు.

సోమవారం ఆ వరుస ముందు నిలబడి, తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. రేపు చెబుదామనుకున్నాను. రేపు వచ్చింది, పోయింది. కొట్టం ముందు బండ్లు తగ్గాయి, తర్వాత ఒక్కటీ లేదు. కాక నెలనెలా వచ్చి, వరుసలో నిలబడి, నా చేతి మీదుగానే మాత్రలు తీసుకుపోయేవాడు. మంచిగున్నవా బిడ్డా అని అడిగేవాడు. ఏడాదికి కొట్టం ఊడదీసి, మందమర్రిలో బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన చనిపోయాక ఆ బిడ్డ ఏవో కాగితాల కోసం దవాఖానకు వచ్చింది. నన్ను వెతుక్కుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు చెప్పబట్టే నాయినతోని పని బంద్ చేయించినం సిస్టరమ్మా. పానా పడితే గుంజుకుంటుంటిమి. లేకుంటె ఏ చెయ్యో ఇరగ్గొట్టుకునేటోడు. నీ మేలు మర్వం."

ఆయన ఏమీ అనలేదా అని అడిగాను.

"ఏమంటడు? సిస్టర్ చెప్పిందంటె నిజమే అయితది అన్నడు."

నేను తల ఊపాను. అంతే చేశాను.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు ఎవరి చేయి వణుకుతోందన్నా, ముందు నువ్వు పట్టుకుని చూశావా అని అడుగుతాను. చాదస్తం అనుకుంటారు. కారు మారింది కానీ అందులో పౌడరు డబ్బా ఒకటి ఉంటుంది. ఆయన్ను ఎన్నడూ చూడని మీకు ఇదంతా చెప్పడం తేలిక. దేవదానం కాక కళ్ళు బాగానే ఉండేవి, చేతులు వణకలేదు, ఆ గుడ్డ కట్టింది నేను. ఈ మాట వినాల్సిన మనిషి మందమర్రిలో ఉంది. ఇక్కడినుంచి గంట ప్రయాణం. ఇంకా పోలేదు.