సున్నం నీళ్లు, పాత మడ్డి

లాక్‌డౌన్లు ముగిసిన ఏడాది వేసవిలో, కర్నూలులో పేటెంట్ ఏజెంటుగా ఉన్న నా దగ్గరికి కల్లూరు నుంచి రమణయ్య శెట్టి, ఆయన భార్య నాగరత్నమ్మ వచ్చారు. కొత్తగా కనిపెట్టినదానికి హక్కు కోరుతూ దరఖాస్తు రాసి, పేటెంట్ ఆఫీసులో వాదించడం ఏజెంటు పని. వాళ్లిద్దరూ కడప బండల పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నారు. బండను సానపట్టిన నీళ్లు పాలలా తెల్లబడతాయి. రాతిపొడి అడుక్కు దిగేదాకా మళ్లీ వాడడానికి పనికిరావు. ఎండాకాలం ట్యాంకరు రాకపోతే మిషన్లు ఆగిపోతాయి.

కిందటి ఆయుధపూజకు గోడలకు కొట్టగా మిగిలిన సున్నం, తుమ్మజిగురు కలిపిన నీళ్లను నాగరత్నమ్మ సానపట్టిన నీళ్లు చేరే గుంతలో పోయించింది. పొడి తొందరగా దిగింది. అడుగున ఉన్న పాత మడ్డిలో ముందు సున్నం కలిపి, ఆ తర్వాత మురికినీళ్లలో వేస్తే అవి ఇంకా బాగా తేరుతాయని తర్వాత తెలుసుకుంది.

"ఆ సున్నమే మనదని రాసెయ్యప్పా. పక్కోడు ముట్టగూడదు," అన్నాడు శెట్టి.

"ఊర్లో గోడలన్నీ మనవే అంటావేమో," అంది ఆమె.

తెలిసిన మిశ్రమంలో కొత్త గుణం కనిపెట్టినంత మాత్రాన మన చట్టం పేటెంటు ఇవ్వదు. అది నాకు తెలుసు. అయినా పెద్ద హక్కు అడిగితే పెద్ద ఏజెంటునవుతానని మొదటి క్లెయిము, అంటే హక్కుకు హద్దు గీసే వాక్యం, మిశ్రమం మీదే రాశాను. రెండోది ఆ మిశ్రమంతో నీళ్లు తేర్చే పద్ధతి మీద. మడ్డి సంగతి నాకు చిన్నదిగా తోచి, ఉదాహరణల్లో ఒక పేరాకు నెట్టేశాను.

పేటెంట్ ఆఫీసు పరీక్ష నివేదిక రెండు క్లెయిములకూ అభ్యంతరం చెప్పింది. వీడియోలో జరిగిన విచారణలో, తీర్పు చెప్పాల్సిన కంట్రోలర్, ఇది పాత సున్నానికి కొత్త వాడకమే కదా అని అడిగారు. నేను కాగితాలు తిరగేస్తున్నాను. దరఖాస్తు అప్పటికే ప్రచురితమై, పద్ధతి అందరికీ తెలిసిపోయింది. దరఖాస్తును తిరస్కరిస్తే దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు.

నా పక్కన కూర్చున్న నాగరత్నమ్మ అందుకుంది. "సార్, తోడు వేయకుంటే పాలు పెరుగైతాయా? ఈడ పాత మడ్డే తోడు. అది లేకుంటే పొడి శానాసేపు నీళ్లలోనే తిరుగుతాంటాది."

కంట్రోలర్ నవ్వి, అది దరఖాస్తులో ఎక్కడుందని అడిగారు. నేను నెట్టేసిన పేరా చూపించాను. మడ్డితో, మడ్డి లేకుండా పక్కపక్కనే తేర్చి చూసిన ఫలితాలూ అందులోనే ఉన్నాయి. విచారణ తర్వాత ఇచ్చే రాతపూర్వక వాదనలో మొదటి క్లెయిము తీసేసి, రెండోదాన్ని ముందు మడ్డిలో సున్నం, తర్వాత మురికినీళ్లు అనే క్రమానికే కుదించాను. కొన్ని నెలలకు పేటెంటు వచ్చింది.

"ఇంత చిన్నదైపాయనే మన హక్కు," అని శెట్టి గొణిగాడు. తప్పు నాదేనని ఇద్దరికీ చెప్పాను.

"ముందే చెప్పింటే తిట్టేదాన్ని అన్నా. ఇప్పుడు కాఫీ తాగు," అంది నాగరత్నమ్మ.

ఆ తర్వాత ఎవరొచ్చినా, ఏమి కలిపారని మాత్రమే అడిగి ఊరుకోలేదు. ఏది ముందు, ఏది తర్వాత, అలా చేయకపోతే ఏమవుతుంది అని అడిగాకే మొదటి క్లెయిము రాశాను. నా క్లెయిములు చిన్నవయ్యాయి. అభ్యంతరాలూ తగ్గాయి.