శనివారం నాటి సైకిళ్లు

బడంగ్‌పేట చరిత్రను ఎవరైనా రాస్తే, అందులో జగన్మోహనరావుగారి బొటనవేలికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. ఎవరూ రాయరనుకోండి, అక్కడ అందరికీ ప్లాట్ల రిజిస్ట్రేషన్లతోనే సరిపోతుంది. ఉద్యోగ విరమణ చేసిన మర్నాటి నుంచి ఆయన పొద్దుటి నడకలో కనబడ్డ ప్రతి సైకిల్ దగ్గరా ఆగి, ముందు చక్రాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కేవారు. గాలి ఉంటే తల పంకించి సాగిపోయేవారు. లేకపోతే నిట్టూర్చేవారు. సైకిల్ ఎవరిదన్న ప్రశ్న ఆయనకు తట్టేది కాదు. పాలవాడు ఆయన్ను మొదట్లో దొంగ అనుకున్నాడు, తర్వాత పిచ్చివాడనుకున్నాడు, చివరికి సొంతంగా ఒక పంపు కొనుక్కున్నాడు. సామ్రాజ్యాలు కూడా ప్రజలను ఇంతకంటే గొప్పగా సంస్కరించిన దాఖలాలు లేవు.

ఆయనది తెనాలి వైపు. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, కాలవలు గీస్తూ గీస్తూ హైదరాబాద్ వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఉద్యోగం చేసినంతకాలం ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్లారు. పై అధికారి జీపు ఎక్కమన్నప్పుడు కూడా వినయంగా "పర్లేదండి" అన్నారు. అందుకే ఇంటి ముందు పోర్టికో ఉంది గానీ అందులో కారు లేదు.

ఆ ఖాళీలోకే మొదటి సైకిల్ వచ్చింది. కాలనీలో పిల్లలు ఎదిగిపోయి స్కూటీలెక్కేసరికి వాళ్ల సైకిళ్లు మెట్ల కిందా డాబాల మీదా వానకు తడుస్తూ తుప్పు పట్టేవి. జగన్మోహనరావుగారు తలుపు తట్టి అడిగేవారు. వాళ్లు సంతోషంగా వదిలించుకునేవారు. ఆయన వాటిని విప్పి, కిరసనాయిల్‌తో కడిగి, విరిగిన పుల్లలు మార్చి, బేరింగులకు గ్రీజు పెట్టి, గొలుసుకు నూనె వేసి, అవసరం ఉన్నవాళ్లకు ఇచ్చేసేవారు.

"మనకు కారు లేదు గనక సరిపోయింది," అనేది ఆయన భార్య నాగమణిగారు. "ఉంటే దాన్ని వీధిలో పెట్టాల్సొచ్చేది."

అలా ఇచ్చిన మొదటి సైకిల్ కాలనీ వాచ్‌మన్ కొండల్‌కు. వాళ్ల చెల్లెలు దుర్గవ్వ సంగతి చెప్పింది కొండలే.

దుర్గవ్వ ఊరు సాతంరాయి దాటాక లోపలికి ఉంటుంది. విమానాశ్రయం వచ్చి మూడేళ్లయింది. వాళ్ల పొలం దాని గోడ లోపల ఉండిపోయింది, వాళ్లు గోడ బయట ఉండిపోయారు. భూమి డబ్బు కొంత ఇంటి స్లాబులోకి, మిగతాది భర్త యాదయ్య నడుము ఆపరేషన్‌లోకి వెళ్లింది. ఇప్పుడు ఆమె గోడ లోపల ఒక కాంట్రాక్టరు కింద పచ్చిక కోస్తుంది. ఒకప్పుడు గట్టు మీద నడిచి అన్నం మూట చల్లారకముందే చేరే చోటికి, ఇప్పుడు గోడ చుట్టూ తిరిగి వెళ్లాలి. ఆ దారికి బస్సు లేదు. ఎంత తొందరగా బయల్దేరినా ఆలస్యమే. ఆఖరికి సూపర్‌వైజర్ ఖరాఖండిగా చెప్పేశాడు: ఆదివారం నుంచి డ్యూటీ పొద్దున ఆరింటికి, ఆ రోజు గేటు దగ్గర స్వయంగా తానే నిలబడి చూస్తాడు, ఆలస్యంగా వచ్చినవాళ్లు అటునుంచి అటే ఇంటికి పోవచ్చు. యాదయ్య ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఇల్లు నడిచేది ఆ పచ్చిక మీదే.

దుర్గవ్వ ఒకరోజు అన్నను చూడవచ్చి, పోర్టికోలో ఉన్న గులాబీరంగు ఆడపిల్లల సైకిల్‌ను చాలాసేపు చూసింది.

"తొక్కడం వచ్చా అమ్మా?" అన్నారు జగన్మోహనరావుగారు.

"చిన్నప్పుడు కిరాయి సైకిల్ తొక్కిన సారూ. పడ్డ గూడ."

చీర కుచ్చిళ్లు ఎగదోపి వీధి చివరిదాకా పోయి, పడకుండా తిరిగి వచ్చింది. ఆయన సీటు కాస్త దించారు. ఆ సైకిల్ ఆమెదేనని అప్పుడే తేలిపోయింది. ఆమె ఊరివాళ్లు మరికొందరికీ అవసరం ఉందని కొండల్ చెబితే, సిద్ధంగా ఉన్నవన్నీ ఊళ్లోకే తీసుకెళ్లి ఒకేసారి ఇద్దామన్నాడు కాలనీ కార్యదర్శి వెంకట్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఉత్సాహవంతుడు. ముహూర్తం కూడా అతనే పెట్టాడు. ఆదివారం కాలనీలో ఎవరూ నిద్ర లేవరు గనక, ఒకరోజు ముందు.

ఆ రోజు సైకిళ్లతో డీసీఎం వ్యాను దుర్గవ్వ ఊరి బడి ముందు ఆగింది. వెంకట్ బ్యానర్ కట్టాడు. నాగమణిగారు సైకిళ్లకు కుంకుమ బొట్లు పెట్టింది. సీట్లకు కొత్త నల్ల కవర్లు మెరుస్తున్నాయి. ఊరంతా వచ్చింది. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడింది.

దుర్గవ్వ మామ బుచ్చయ్య కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు.

"సారూ, ఇయ్యాల ఏం వారం?"

"శనివారం తాతా," అన్నాడు వెంకట్.

"ఇదేంది?"

"సైకిల్. మీ కోడలికే."

"సైకిలని నాకెర్కనే. దేంతోని చేసిన్రని అడుగుతున్న."

"ఇనుము..."

"ఆఁ. గా గొలుసుకేం వోసిన్రు?"

"నూనె," అన్నారు జగన్మోహనరావుగారు. అన్నాక ఆయన చూపు సీట్ల నల్ల కవర్ల మీదికి వెళ్లింది.

శనివారం ఇనుము చేతులు మారకూడదని ఆయనకు తెలియక కాదు. చిన్నతనంలో ఆ రోజు వాళ్లమ్మ ఇంట్లోకి సూదిని కూడా రానిచ్చేది కాదు. శని పీడ వదలాలనుకున్నవాళ్లు శనివారం నాడు ఇనుమూ, నూనే, నల్లబట్టా దానమిస్తారు. పుచ్చుకున్నవాడితో పాటు అది వెళ్లిపోతుంది. ఇక్కడ ఇనుము ఉంది, నూనె ఉంది, నలుపు సీట్ల మీద ఉంది. నువ్వులు తప్ప శాస్త్రానికి లోటేమీ లేదు. ఇంత పకడ్బందీగా శనిదానం చేయాలంటే మామూలుగా ఒక పురోహితుడు కావాలి. జగన్మోహనరావుగారు దాన్ని తలవని తలంపుగా ఒంటిచేత్తో సాధించారు. కారణం ఒక్కటే. ఆయన సైకిల్‌ను ఏనాడూ ఇనుము అనుకోలేదు.

"భూమి వాయె," అన్నాడు బుచ్చయ్య మెల్లగా. "ఇగ మీ శనిని గూడ మా నెత్తిన వెడ్తరా సారూ?"

భూమి తీసుకున్నది తాము కాదని చెప్పవచ్చు. జగన్మోహనరావుగారు చెప్పలేదు. అప్పుడు అది జవాబులా వినబడదని ఆయనకు అనిపించింది.

"మామా, జర ఆగు," అంది దుర్గవ్వ. "రేపు పొద్దుగాల డ్యూటీకి నేనెట్ల పోవాలె?"

"ఇన్నొద్దులు ఎట్ల వోయినవు? గట్లనే పో."

ఆమె హ్యాండిల్ దాకా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. సైకిళ్లను ఊళ్లో ఉంచి పొమ్మని కూడా ఎవరూ అనలేదు. దించినవన్నీ మళ్లీ వ్యాను ఎక్కాయి. వచ్చే వారం చూద్దామన్నాడు వెంకట్.

తిరుగుదారిలో జగన్మోహనరావుగారు కొండల్‌ను అడిగారు. "నీకు తెలుసు కదయ్యా. ముందే ఎందుకు చెప్పలేదు?"

"పంతుల్ని అడిగే పెట్టుకున్నరనుకున్న సార్. మీ శని మీరు తోలుకుంటుంటే నడుమ నేనెవర్ని?"

"నీ చెల్లెలి మీదికే కదా తోలేది!"

"దానికి నౌకరి ముఖ్యం సార్. శని మా ఇంట్ల కొత్తదా?"

ఆ రాత్రి జగన్మోహనరావుగారు అన్నం సరిగా తినలేదు. తెల్లవారకముందే లేచి, మంకీ క్యాప్ పెట్టుకుని, గులాబీ సైకిల్‌ను వీధిలోకి దించారు.

"ఏమండీ, ఆ మోకాళ్లు మీవేనని గుర్తుందా?" అంది నాగమణిగారు గుమ్మంలోంచి. "ఆటోలో వేసుకెళ్లండి."

"ఈ చీకట్లో సైకిల్‌ని ఎక్కించుకుని ఏ ఆటో వస్తుంది?"

"దారిలో ఎవరైనా చూస్తే?"

"ఆదివారం. ఎవరూ నిద్ర లేవరు."

కుక్కలు మాత్రం లేచాయి. మంకీ క్యాప్‌తో, ముందు బుట్టతో, గులాబీరంగు సైకిల్ మీద వెళ్తున్న పెద్దమనిషిని బాలాపూర్ దాటేదాకా సాగనంపాయి. మామిడిపల్లి దగ్గర ఎత్తు వచ్చిన చోటల్లా ఆయన దిగి నెట్టుకుంటూ నడిచారు. దించిన సీటు మీద మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టున్నాయి. నెత్తి మీదుగా విమానాలు లైట్లు వేసుకుని దిగుతున్నాయి. ఆయన మనసులో ఉన్నది ఒక్కటే, ఆరు కాకముందే ఆ అమ్మాయి గేటు దగ్గర ఉండాలి. రొమ్ములో ఏదో పట్టేసినట్టయినప్పుడు ఒకచోట ఆగారు. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని నిలబడే ఊపిరి తీసుకున్నారు.

ఊళ్లోకి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. దుర్గవ్వ సద్దిడబ్బా పట్టుకుని గడప దాటుతోంది. బుచ్చయ్య అరుగు మీద వేపపుల్ల నములుతున్నాడు. జగన్మోహనరావుగారు సైకిల్‌ను నిలబెట్టి, దానికే ఆనుకుని నిలబడ్డారు.

బుచ్చయ్య ఆయన్ను చూశాడు, సైకిల్‌ను చూశాడు.

"బడంగ్‌పేట నుంచి తొక్కుకుంట వచ్చిన్రా?"

ఆయన తల ఊపారు.

"మీకు నిజంగనే శని వట్టినట్టున్నది సారూ."

అని లేచి, హ్యాండిల్ తానే పట్టుకుని కోడలి ముందుకు జరిపాడు. "ఇయ్యాల ఐతవారమే. పో బిడ్డా, పైలం."

దుర్గవ్వ డబ్బాను బుట్టలో పెట్టింది. ఏదో అనబోయి, అంటే ఆలస్యమవుతుందని మానుకుని, సైకిలెక్కి గోడ వెంబడి వెళ్లిపోయింది.

బుచ్చయ్య ఇంట్లోంచి చాయ్ తెప్పించాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని తాగారు. తర్వాత జగన్మోహనరావుగారు దుర్గవ్వ వెళ్లిన దారిలోనే నడక మొదలుపెట్టారు. ఒక పక్క గోడ, ఇంకో పక్క తుమ్మచెట్లు. ఎంత నడిచినా గోడ మలుపు తిరగదు. తిరిగితే మళ్లీ గోడే. పటాల మీద ఇలాంటి గీతలు ఆయన బతుకంతా గీశారు, ఒక్కదాని పక్కనా నడవలేదు. గేటు కనబడేసరికి ఎండెక్కింది. గులాబీ సైకిల్ గోడకు ఆనించి ఉంది. ఊచల సందుల్లోంచి, దూరంగా పచ్చికలో వంగి కొడవలి ఆడిస్తున్న దుర్గవ్వ కనబడింది.

"ఆ అమ్మాయి ఆరింటికి వచ్చిందా?" అని కాపలావాణ్ణి అడిగారు.

"అందరికన్న ముందే వచ్చింది సార్."

"సూపర్‌వైజర్ చూశారా?"

ఆ రోజు సూపర్‌వైజర్ సెలవు పెట్టాడు.