పెట్రోలు తాగని బండి

మంచు మీద జారుతూ పోయే సెల్బీ పార్డీ మోటారుబండి వెనక సీటులో అతని భార్య మెల్వీనా కూర్చోబట్టి ఇరవై తొమ్మిదేళ్లు. చేపల ఫ్యాక్టరీలో లక్షల కాడ్ చేపలు కోసిన చేతులకు ఆ బండి హ్యాండిల్ మాత్రం ఒక్కసారీ చిక్కలేదు. ఎప్పుడడిగినా సెల్బీది ఒకటే మాట: "అది ఆడవాళ్ల మాట వినదే."

ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది, జనవరిలో, ఆమె ఈ గోడు ఆడబిడ్డ ట్రైఫీనా దగ్గర వెళ్లబోసుకుంది. డెబ్బై ఏళ్ల ట్రైఫీనా సొంత బండి నడుపుకుంటుంది. తమ్ముడి గొప్పలంటే ఆమెకు ఒళ్లుమంట.

"మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు వాడు నడుచుకుంటూ పేకాటకు పోతాడుగా! షెడ్డు తాళం పట్రా."

ఆ మంగళవారమే పాఠం మొదలు. తాడు లాగితే సెల్బీ బండి ఇంజను మేలుకుంది. "బొటనవేలి కింద వేగం పెంచే మీట ఉంది చూడు, మెల్లగా నొక్కు," అంది ట్రైఫీనా. మెల్వీనా జారిపోయే చేపను అదిమినట్టు అదిమింది. బండి ఒక్క గెంతు గెంతి, బట్టలతీగ తెంపుకుని, మంచుదిబ్బలో మూతి దూర్చింది. గడ్డకట్టి అట్టలా బిగుసుకున్న సెల్బీ లోలాగు ఆమె మెడకు తగులుకుంది.

"మొగుణ్ని మెడకేసుకుని నడపకే పిల్లా!" అని ట్రైఫీనా మంచులో కూలబడి నవ్వింది.

నెల తిరిగేసరికి మెల్వీనాకు మలుపులో లోపలి వైపు ఒరగడం, మెత్తటి మంచులో ఆగకుండా సాగిపోవడం పట్టుబడ్డాయి. తిరిగొచ్చాక ట్రైఫీనా తన డబ్బాలోంచి సెల్బీ బండికి పెట్రోలు పోసేది. చెయ్యి కాస్త ఉదారం, టాంకు అంచుదాకా నింపేది.

ఎంత తిరిగినా తరగని టాంకు చూసుకుని సెల్బీ ఉబ్బిపోయాడు. కిందటి నెల ఇంజనులో తానే తిప్పి బిగించిన మర మహిమ ఇదని ఊరంతా చాటాడు. నలుగురు పెద్దమనుషులు తమ బండ్లకూ ఆ మర తిప్పించుకున్నారు.

ఫిబ్రవరిలో పదిహేను రోజులు మంచుతుపాను, పేకాట బంద్. పాఠాలూ లేవు, పెట్రోలూ లేదు; సెల్బీ మాత్రం కట్టెలకని రోజూ బండి తీశాడు. తెరిపిచ్చిన శనివారం సెల్బీ ఆ నలుగురితో చెరువవతలి చెక్కగుడిసెకు బయల్దేరాడు.

"డబ్బా పట్టుకెళ్లవయ్యా," అంది మెల్వీనా.

"నా బండికి డబ్బానా?"

"సరే, నీ ఇష్టం."

వాళ్ల చప్పుడు దూరమయ్యాక ఆమె ట్రైఫీనా తలుపు తట్టింది.

గడ్డకట్టిన చెరువు నడుమ సెల్బీ బండి దగ్గి ఆగిపోయింది. నలుగురూ చుట్టూ మూగి మర వంక చూస్తుండగా, ఒడ్డు మలుపులో ఒరిగి ఇంకో బండి దూసుకొచ్చింది. ముందు మెల్వీనా, వెనక ఒళ్లో పెట్రోలు డబ్బాతో ట్రైఫీనా.

సెల్బీ నోరు తెరిచాడు. "నీకిది ఎవరు నేర్పారే?"

"మీ అక్క."

"టాంకు నింపింది కూడా నేనేరా, నీ మర కాదు," అంది ట్రైఫీనా.

నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్లలో పెద్దవాడు, "మా మరలు ఎప్పుడు వెనక్కి తిప్పుతావోయ్?" అన్నాడు.

సెల్బీ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి అతనికీ నవ్వాగలేదు. డబ్బా కోసం చెయ్యి చాచాడు.

మెల్వీనా ఇవ్వలేదు. పెట్రోలు తానే పోసి, అతని బండెక్కి, తాడు లాగింది. "గుడిసెలో టీ తాగాలంటే వెనక ఎక్కు."

సెల్బీ ఎక్కాడు. దారి పొడుగునా ప్రతి మలుపులో "మెల్లగా, మెల్లగా!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆమె మాత్రం మీట వదల్లేదు.