నాకు పడ్డ మాత్ర

మా వీధిలో మందుల షాపులు మూడున్నా, డిప్రెషన్ మాత్రల కోసం వన్ టౌన్ దాకా పోయేదాన్ని. మా ఆయనకి థైరాయిడ్ మాత్రలని చెప్పాను. ఒకరోజు ఆ షాపులోనే నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పే లెక్కల మేడమ్ కనిపించింది, చేతిలో అలాంటి చీటీయే. దొంగలిద్దరం ఒకరికొకరం దొరికిపోయాం.

అప్పట్నించీ కాలేజీకెళ్లే మైలవరం బస్సులో మాకు మాత్రలే కబుర్లు. ఆవిడది రాత్రి వేసుకునేది. నిద్ర బాగా పట్టేది, ఆకలీ దంచేసేది. ఆర్నెల్లలో జాకెట్లన్నీ బిగుతయ్యాయి. నాది పొద్దున వేసుకునేది. మొదట్లో కడుపులో తిప్పింది, అరచేతులకి చెమటలు పట్టాయి, తర్వాత మనసు తేలికపడింది, ఒళ్లూ తగ్గింది. ఎవరిది మంచి మందో చీరల్లాగా బేరీజు వేసుకునేవాళ్లం. డాక్టర్లు వేరైనా రోగం ఒకటే కదా అనుకున్నాం. మా చదువులు అలా ఏడ్చాయి.

ఒకరోజు కొండపల్లి దాటాక అడిగింది. "మీకు పడిందిగా మేడమ్, నాకో షీటు ఇవ్వండి. నాది మానేస్తాను."

చేబదులు పంచదార ఇచ్చినట్టు ఇచ్చేశాను.

వారం తిరిగేసరికి ఆవిడ మారిపోయింది. బస్సంతా వినేలా మాట్లాడేది, ఊరికే నవ్వేది. రెండు గంటలే పడుకున్నా అలుపే లేదంది. క్లాసులో బోర్డు నిండిపోతే గోడ మీద లెక్క కొనసాగించింది. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నేనిచ్చిన షీటు గుర్తొచ్చింది. అయినా నోరు మెదపలేదు, ఎవరికైనా చెబితే నా గుట్టు బయటపడుతుందని. పదో రోజున ఇంకో షీటు అడిగితే అదీ ఇచ్చాను.

పన్నెండో రోజున ఆవిడ బస్సెక్కలేదు. సాయంత్రం వాళ్లాయన ఫోన్ చేశాడు. కాలవ వంతెన పిట్టగోడ ఎక్కి నడుస్తుంటే ఎవరో లాగి ఆసుపత్రికి చేర్చారట. పెళ్లికి ముందు కూడా ఓసారి ఇలాగే నిద్ర లేకుండా హుషారెక్కిపోయిందట. ఆ మాట ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా ఆయన బండి మీద దింపి, నాతోపాటు లోపలికొచ్చాడు. ఆవిడ మంచం మీద గడగడా మాట్లాడుతూనే ఉంది, నన్ను గుర్తుపట్టలేదు. డాక్టరు పాత చీటీ చూసి, ఇది కాక ఇంకేం వాడిందో తెలిస్తేగానీ మందు మొదలుపెట్టలేనన్నాడు. వాళ్లాయన ఇంకేం లేవండీ అని ఒట్టేస్తున్నాడు.

హ్యాండ్‌బ్యాగ్ లోపలి జిప్పు తీసి, నా షీటు బల్ల మీద పెట్టాను. "ఇదండీ. నేనే ఇచ్చాను, నాది."

ఎన్నాళ్లు వేసుకుందని డాక్టరు అడిగాడు. పన్నెండు రోజులన్నాను.

"మరి నువ్వు?" అన్నాడు మా ఆయన.