టీచరమ్మ నవ్వని ఎద్దు కథ

తారు రోడ్డు మీద ఇనుప ముల్లు గీసుకున్న చప్పుడు వింటే ఈ రోజుకీ నా కడుపులో చిన్న మంట లేస్తుంది. వేంపల్లెలో పొద్దున్నే పాపాఘ్ని వంతెన దాకా చెత్త ఏరుకుంటూ పోతాం మేము. ఆ చప్పుడు ఇప్పుడు నా చేతి కర్రదే. వెదురు కర్ర, దాని చివర సాన పట్టిన సైకిల్ స్పోకు. మంటకు పేరు అసూయ. చనిపోయిన మనిషి మీద అసూయ ఏమిటని మీరు అనవచ్చు. ఎస్తేరమ్మ టీచరును మీరు చూడలేదు కాబట్టి అంటారు.

ఆమె రిటైరై మా వీధిలో ఇల్లు తీసుకోకముందు, ఖాదర్ టీ కొట్టు ముందరి బెంచీ నాది. సైకిల్ షాపు నాకు కూడు పెట్టేది. పేరు తెచ్చింది మాత్రం ఆ బెంచీయే. ఆరింటికి నేను నోరు తెరిస్తే చేతుల్లో టీలు చల్లారిపోయేవి. పాపాఘ్ని ఎందుకు ఎండిపోయిందో తెలుసా? ఒక ఎండాకాలం మా తాత ఎద్దు దప్పికకు వచ్చి మూతి పెట్టింది. మళ్లీ తల ఎత్తేలోపల ఏరు అయిపోయింది. చేపలన్నీ ఇసుకలో నిలబడి మా తాతను తిట్టిన తిట్లు నేను స్వయంగా విన్నాను, అప్పటికి నేను పుట్టకపోయినా సరే.

ఒకరోజు టీచరమ్మ నా షాపుకు వచ్చి పాత స్పోకు ఒకటి ఇమ్మంది. ఎందుకన్నాను.

“డాక్టరు దినామూ నడవమన్యాడప్పా. ఊరికే చేతులూపుకుంటా నడిచేది నాకు శాతకాదు. యాడికి పోతాండావని ఎవరన్నా అడిగితే ఏం చెప్పల్ల? కర్రా సంచీ ఉంటే పనిమీద పోతాందిలే అనుకుంటారు.”

నేనే స్పోకుకు సాన పట్టి, వెదురుకు బిగించి చేతికిచ్చాను. నా కంట్లో దిగబోయే ముల్లుకు నేనే పదును పెడుతున్నానని అప్పుడు తెలియదు.

మొదటి వారం ఆమెను చూసి బెంచీ అంతా నవ్వింది, నవ్వించింది నేనే. రెండో వారం పక్కింటి ఆవిడ, బీపీ ఉందని, తోడు పోయింది. ఆ తర్వాత ఒక రిటైరైన కండక్టరు. ఒకరు ఏరాలి, ఒకరు సంచి పట్టాలి, అదీ టీచరమ్మ పద్ధతి. సంచి పట్టిన మనిషి పక్కనే నడవాలి కాబట్టి ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. ఇంట్లో పలకరించే దిక్కులేని కండక్టరు వంతెన చేరేలోపల తన సర్వీసంతా చెప్పుకునేవాడు. నా బెంచీ మీద వినడమే తప్ప చెప్పే అవకాశం అతనికి ఏనాడూ ఇవ్వలేదు నేను.

ఒక పొద్దున పోయి చూస్తే టీ కొట్టే మూసి ఉంది. అరగంటకు ఖాదర్ వచ్చి చేతులు కడుక్కున్నాడు.

“యాడికి పోయినావు ఖాదరూ?”

“టీచరమ్మకు సంచి పట్టినా సుబ్బన్నా. మోకాళ్ల నొప్పి శానా తగ్గినట్టుండాది.”

ఆ రోజు టీలో చక్కెర వేశాడో లేదో కూడా నాకు తెలియలేదు. గ్లాసు కింద పెడుతూనే నా నోరు పని మొదలుపెట్టింది. “టీచరమ్మ ఊరికే ఏరుతాందనుకుంటాండారా? వంతెన కాడ చెత్తలో బంగారు కమ్మ దొరికిందంట ఆమెకు. గుట్టుగా పెట్టుకోనుండాది.”

ఆమెది ఆశ అని ఊరు అనుకోవాలని నా ఎత్తు. మర్నాడు పొద్దునకు వంతెన దగ్గర యాభైమంది కర్రలు పట్టుకుని నిలబడ్డారు. నా యాభైని మీరు ఇరవై అనుకోండి. టీచరమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. అందరికీ ఖాళీ యూరియా సంచులు పంచింది. “దొరికింది మీరే తీసుకోండప్పా. వద్దనుకున్నది మాత్రం సంచిలో ఎయ్యండి,” అంది. మూడు రోజుల్లో రోడ్డుకు రెండు పక్కలా, వంతెన కిందా కవరు ముక్క లేదు. బంగారమూ లేదు. అందరూ వెళ్లిపోయారు, ఐదారుగురు మాత్రం ఆ నడక రుచి మరిగి ఉండిపోయారు, ఆ ఐదారుగురూ నా బెంచీ వాళ్లే.

నాలుగో రోజు ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చింది. పుకారు నాదని నలుగురి ముందూ అంటే ఇక ఆ బెంచీ మీద నా ముఖం చెల్లదు. ఆమె నా పక్కన కూర్చుని, నాకు మాత్రమే వినబడేటట్టు అంది:

“సరిగా అల్లలేదు నువ్వు. ఆ కమ్మ జతది ఇంకా ఆడనే పడుండాదని చెప్పింటే ఇంకో నాలుగు దినాలు వచ్చిండేవాళ్లు.”

ఆమెకు నా లెక్కలో ఒక టీ ఇమ్మని ఖాదర్‌కు చెప్పాను. నా జీవితంలో అది మొదటిసారి.

“నాకు చేతులుండాయి, నోరు లేదప్పా. రేపట్నుంచి నీ నోరు తీసుకోని రా. చెయ్యి నిలిచిందా, కథ నిలిపేయల్ల.”

అట్లా చేరాను. వంగుతూ, లేస్తూ, ఆయాసపడుతూ చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. కానీ నవ్వుతూ నావైపు కాక ఆమెవైపు చూసేవాళ్లు, ఆమె నవ్విందా అని. ఆమె ఒక్కనాడూ నవ్వలేదు. ఎద్దు కథను ఎన్ని రకాలుగా తిప్పి చెప్పినా, “ఆ సీసా వదిలేసినావు చూడు,” అనేది, అంతే. ఆ పూట ఆమెకు సంచి పట్టినవాళ్లను చూసి కుళ్లుకునేవాణ్ణి. ఆ కుళ్లులో పడి ఒక్క పొద్దు కూడా మానలేదు. పొట్ట తగ్గింది, ఏళ్లుగా మాటలు లేని మా చిన్నాన్న కొడుకుతో, ఒకే సంచికి జతపడాల్సి వచ్చి, మాట కలిసింది. అదంతా ఆమె పనేనని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఆమె పోయినరోజు చర్చిలో ప్రార్థన అయ్యాక, రాయచోటి నుంచి వచ్చిన మేనకోడలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. “సైకిల్ షాపు సుబ్బన్న అంటే నువ్వేనా? అత్త దినామూ సాయంత్రం ఫోన్ చేసి నీ కథలు చెప్పేది. నవ్వు ఆగక సగంలోనే పెట్టేసేది.”

ఎద్దు కథ ఒక్కసారి చెప్పమంది. ప్రాణం పెట్టి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, “బాగుండాది గానీ, అత్త చెప్పినట్టు లేదన్నా,” అంది.

“ఎట్ల చెప్పేది?”

“ఏరంతా తాగినాక ఎద్దు దగ్గుతాది గదా! గొంతులో ఇరుక్కున్న పాల కవరు బయటికొచ్చి పడతాది. మీ తాత దాన్ని ఏరి సంచిలో ఏసుకోని, తాగింది తాగినావు, కవరు యాడంటే ఆడ ఉమ్ముతావా అని ఎద్దును అరుస్తాడు.”

ఇన్నేళ్లు నేను చెప్పిన కథకు ముగింపే లేదని నాకు ఎన్నడూ తట్టలేదు. టీచరమ్మ రోజూ మాతో నడుస్తూ, నవ్వు అదిమిపెట్టుకుని, నా కథను నాకంటే బాగా చేసుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఆమె కర్ర నాకిచ్చారు. ఇప్పుడు నడకలో ఎద్దు దగ్గే చోటికి వస్తే మావాళ్లు విరగబడి నవ్వుతారు, నా సొంత కథకు ఎన్నడూ నవ్వనంతగా. “ఈ ముక్క యాడ పట్టుకొచ్చినావు సుబ్బన్నా?” అంటాడు ఖాదర్. నాదే అంటాను. అని, కింద కవరు లేకపోయినా సరే, ముఖం కనబడకుండా వంగుతాను.