నాయిన ముట్టుకున్న డబ్బా

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక పొద్దున మా నాయిన బోరు మోటరు వేయడానికి వెళ్లి స్టార్టర్ డబ్బా దగ్గరే పడిపోయాడు. కాళ్ల కింద మడి తడి. నేను ఉరుక్కుంటూ వెళ్లేసరికి మోటరు ఇంకా మోగుతూనే ఉంది. ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఫీజులు పీకారు. నాయిన మళ్లీ లేవలేదు. అందరికీ ఆగిన ఆ మోత నాకు ఆగలేదు. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా చెవుల్లో అదే.

అమ్మ ఆ డబ్బా చుట్టూ తుమ్మకంప వేసింది. ఉప్పునుంతల దగ్గరి మా చేను బీడు పడింది. ఆమె కూలికి పోసాగింది.

తొమ్మిదో తరగతిలో మా బడిలో వృత్తి విద్య మొదలుపెట్టారు. మిగతా ఆడపిల్లలంతా కుట్టుపని ఎంచుకున్నారు. నేను కరెంటు పని అన్నాను. ఇంట్లో చెబితే అమ్మ బియ్యం చెరుగుతున్న చాటను కింద పెట్టింది.

"లోకంల ఇంకో పనే దొరకలేదా నీకు?"

"నాయినను ఏం బట్టుకుందో తెల్సుకోవాలె."

అమ్మ మళ్లీ చాట చేతికి తీసుకుంది. వద్దనలేదు.

ఒకరోజు కరెంటు పని నేర్పే సార్ బల్ల మీద స్టార్టర్ డబ్బా విప్పి చూపించాడు. అచ్చం మా చేనులోని దానిలాంటిదే.

"లోపలి తీగ ఒలిసిపోయి రేకుకు తగిలితే డబ్బా అంతా కరెంటే. ఎర్తింగ్ ఉంటే భూమిలకు పోతది. లేకుంటే మనిషిలకెళ్లి పోతది."

"పోయేటప్పుడు మనిషికి తెలుస్తదా సార్?" అని అడిగాను.

మా ఇంటి సంగతి ఆయనకు తెలుసు. డబ్బాకు మూత పెట్టి, "తెల్వదు బిడ్డా" అన్నాడు. అది నిజమో, నా కోసం చెప్పిన మాటో నాకిప్పటికీ తెలియదు.

ఎండాకాలం సెలవుల్లో సార్‌ను మా చేనుకు తీసుకుపోయాను. లైను బంద్ చేయించి, కంప తీసి, డబ్బా తెరిచాం. ఎలుకలు కొరికిన తీగ రేకును ఆనుకుని ఉంది. ఎర్తింగ్ తీగ అసలే లేదు. గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి పైపు దించి, డబ్బాకు తీగ కలిపాం. కొరికిన తీగ మార్చాం. లైను వచ్చాక సార్ టెస్టర్ పెట్టి చూసి, "నొక్కు" అన్నాడు.

నొక్కాను. నీళ్లు వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ దూరంగా గట్టు మీద రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. ఆ మోత నా ఒక్కదానికే వినిపిస్తోందని అన్నాళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్ దగ్గర ఒక బడిలో పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. అమ్మ ఆ చేనులో పల్లి వేస్తోంది. మోటరు వేయాలంటే మాత్రం పక్క చేనాయనను పిలుస్తుంది.

"ఇప్పుడేం గాదమ్మా" అంటాను.

"ఎరుకే బిడ్డా" అంటుంది. డబ్బా వైపు చెయ్యి మాత్రం చాపదు.