నానమ్మ ఆనుకున్న రోజు

ఇంగ్లండులో, కోవెంట్రీ ఊళ్లో పాత సామాన్ల షాపులో విక్టోరియా రాణి కాలం నాటి సోఫా ఒకటి కనిపించింది. ఎర్ర మఖమల్, వరుసగా గుండీలు, లోపల కూరిన గుర్రపు వెంట్రుకల వాసన. చిన్నప్పుడు మా దివాణంలో సోఫాదీ అదే వాసన.

దాని మీద ఎప్పుడూ తెల్లటి ముసుగు ఉండేది. పెద్ద అతిథులు వస్తేనే తీసేవారు. అప్పుడు కూడా మేము వీపు ఆనించకూడదు.

"ఆనుకునేది అలిసిపోయినవాళ్లు. మనం కాదు," అనేది నానమ్మ.

ఒక మధ్యాహ్నం ముసుగు తీశారు. నేను పట్టు పరికిణీ కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వంటింట్లో గిన్నె చప్పుడు కూడా లేదు. వచ్చిన ఇద్దరూ నమస్కారం పెట్టలేదు. సోఫాను వంచి అడుగున తట్టారు.

"కర్ర గట్టిదే. లోపలి వెంట్రుకలు పీకేస్తే సరి," అన్నాడొకడు.

"నానమ్మా, వీళ్లకు కాఫీ తెమ్మననా?" అన్నాను.

నానమ్మ సోఫాలో కూర్చుని, మెల్లగా వెనక్కి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఇన్నాళ్లకు సుఖంగా కూర్చుందని నాకు సంబరం వేసింది.

"బండి వచ్చింది, కాస్త లేస్తారా మామ్మగారూ?" అన్నాడు రెండోవాడు.

కోవెంట్రీ షాపులో నా పక్కనున్న ఫ్లాట్‌మేట్, "కూర్చుని చూడక్కా, భలే మెత్తగా ఉంది," అంది.

కూర్చున్నాను. వీపు మాత్రం ఆనించలేదు.